ఆ చీటీ ఎవరు రాయాలి?

మొన్న రాత్రి ఒక నాణెం గురించి తెలుగులో నాలుగు లైన్లు రాద్దామని కూర్చుని రెండో లైన్లోనే ఆగిపోయా. ఇంగ్లండ్‌లో హిచిన్ అనే ఊళ్ళో నార్త్ హార్ట్‌ఫర్డ్‌షైర్ మ్యూజియం ఉంది, అక్కడి వెండి డెనారియస్ అది, దాని మీదున్నది 218 నుంచి 222 దాకా రోమ్ చక్రవర్తిగా ఉన్న ఎలాగబలస్. పద్నాలుగేళ్ళకి గద్దె, పద్దెనిమిదేళ్ళకి చావు, కాపలా సైనికులే చంపి శవాన్ని ఈడ్చుకెళ్ళి టైబర్ నదిలో పడేశారు. 2023లో ఆ మ్యూజియం వాళ్ళు ఇకనుంచి ఎలాగబలస్‌ని 'షీ' అనే రాస్తాం అన్నారు, పేపర్లలో పెద్ద గొడవైంది.

వాళ్ళకి ఆధారం కాసియస్ డియో అనే సెనేటర్ రాసిన చరిత్ర. "నన్ను ప్రభూ అనకు, నేను స్త్రీని" అని ఎలాగబలస్ అన్నట్టు అందులో ఉంది, ఆపరేషన్ చేసి ఆడదాన్ని చేస్తే బోలెడు డబ్బిస్తానని వైద్యులకి చెప్పినట్టు కూడా ఉంది. కానీ ఈ డియో 229లో కాన్సుల్, అంటే రోమ్‌లో చాలా పెద్ద పదవి, అయింది ఎలాగబలస్ తర్వాత గద్దెనెక్కిన రాజు దగ్గర, పైగా రోమన్లకి నచ్చని మగాణ్ణి ఆడంగి అని రాయడం మామూలే. అంటే ఆ మనిషి మాట మనదాకా వచ్చింది శత్రువు నోటితోనే. నన్నడిగితే ఆ సంగతంతా మ్యూజియంలో నాణెం పక్కన పెట్టే చీటీ మీదే రాయాలి, ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషులో 'హీ' తీసి 'షీ' పెడితే అయిపోయింది, మనకి అలా కుదరదు, 'ఏలాడా' 'ఏలిందా' అని క్రియ దగ్గరే దొరికిపోతాం. చివరికి 'ఏలారు' అని రాశా. గౌరవంగా మాట్లాడితే మన భాషలో ఆడా మగా తేడా ఉండదు కదా, వచ్చారు, అన్నారు, వెళ్ళారు, అంతే. సిగ్నల్ దగ్గర చీర కట్టుకుని నిలబడ్డవాళ్ళని 'వాడు' అనాలా 'అది' అనాలా అని నవ్వుకునేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది, 'వారు' అనడానికి ఏం పోయిందండీ?

బ్రిటన్‌లోనే 2014లో ఈజే స్కాట్ మొదలుపెట్టిన మ్యూజియం ఆఫ్ ట్రాన్సాలజీ పద్ధతి నాకు చాలా నచ్చింది. ట్రాన్స్ మనుషులు ఇచ్చిన మామూలు వస్తువులే అందులో ఉన్నవి, ఒక లిప్‌స్టిక్, ఛాతీ చదునుగా కనబడేలా బిగించుకునే ఒక బైండర్ అలాంటివి. బట్టల షాపులో వేలాడతాయే అలాంటి గోధుమరంగు అట్ట ట్యాగ్ ఒక్కోదానికీ దారంతో కట్టి ఉంటుంది, ఆ వస్తువు తనకెందుకు ముఖ్యమో ఇచ్చినవాళ్ళే పెన్నుతో రాసిచ్చారు. మధ్యలో డియో లేడు.

మన హైదరాబాద్‌లో మాత్రం చాలాకాలం పేరు రాసుకున్నది సర్కారు. 1329 ఫస్లీ, అంటే 1919 ప్రాంతం, నిజాం నాటి చట్టం ప్రకారం నేరాలు చేస్తారని అనుమానం ఉన్న హిజ్రాల పేర్లూ అడ్రసులూ రిజిస్టర్లో ఎక్కించాలి, ఆడబట్టల్లో కనిపిస్తే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో, అంటే నిన్నగాక మొన్న! అలాంటి రిజిస్టర్ పేజీ ఎప్పుడైనా ఏ మ్యూజియంలోనైనా అద్దాల పెట్టెలో పెడితే పక్కన చీటీ హైదరాబాద్ హిజ్రాలే రాయాలి, వాళ్ళ చేతిరాతతోనే, ఉర్దూలోనో తెలుగులోనో అది వాళ్ళిష్టం.