పిడికిట్లో పదును

నిరుడు ఖరీఫ్‌లో, మడకశిర దగ్గరి మా వేరుశనగ చేలో నేను పాతిన తేమ సెన్సరు లెక్క 9 శాతానికి పడిపోయిందని బెంగళూరులో మారతహళ్లి ఇంట్లో కూర్చుని ఫోనులో చూసి, చేను ఎండుతోందని చిన్నాయనకు చెప్పాను. ఆయన అక్కడే గుప్పెడు మట్టి తీసి పిసికితే చక్కగా ఉండ కట్టింది. "నీ పెట్టెకు పదును తెలీదు నాయనా" అన్నారు. పదును అంటే సాగుకు తగినంత తేమ.

తప్పు నాదే. ఈ రకం సెన్సరు నీటిని నేరుగా కొలవదు. మట్టి విద్యుత్ క్షేత్రానికి ఎలా స్పందిస్తుందో చూసి తేమను అంచనా కడుతుంది. ఆ స్పందనను చెప్పే గుణకం (డైఎలెక్ట్రిక్ స్థిరాంకం) నీటికి దాదాపు 80, ఎండు మట్టికి నాలుగైదు, గాలికి 1. నేను గుంత తవ్వి సెన్సరును గుచ్చి, మట్టిని సరిగా దిమ్మెస కొట్టకుండా వచ్చేయడంతో, దాని పక్కన మిగిలిన గాలి సందే చేనంతటికీ లెక్క అయింది. మళ్లీ పాతిన తరువాత అంకె 15కు పెరిగింది. అయినా నమ్మకం కుదరక, ఆ మట్టినే బెంగళూరు తెచ్చి, తూచి, 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచాను; తగ్గిన బరువే అందులోని నీరు. ఇంట్లో ఆ ఓవెన్‌తో కేకు చేసుకోవడం అప్పటి నుంచి మానేశారు.

మాకు పొరుగునే ఉన్న పావగడ తాలూకా చెన్నకేశవపురంలో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండులోని లొసాన్ సాంకేతిక విశ్వవిద్యాలయంతో కలిసి, వర్షాధార రైతుల కోసం ఇటువంటి వైర్‌లెస్ సెన్సర్లనే దాదాపు ఇరవై ఏళ్ల క్రితం ప్రయత్నించింది. మొదట రైతులకు ఏ సమాచారం కావాలో ఆరా తీశాకే పరికరాల జోలికి వెళ్లారు. నేను ఆ వరుసను తలకిందులు చేశాను.

నీళ్లు పెట్టే వీలే లేని మెట్టలో తేమ తెలిసి ఏం లాభమన్న ప్రశ్న న్యాయమైనదే. మాకు సేద్యపు కుంట ఒకటుంది, అందులో ఒక్క తడికి సరిపడా నీళ్లుంటాయి. పూత తరువాత, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే దశలో ఆ తడి ఎప్పుడివ్వాలి, కాయలు బాగా నిండేందుకు వేసే జిప్సం చల్లడానికి తగిన పదును ఉందా అన్నవే మా నిర్ణయాలు. చిన్న జల్లు పడితే పైమట్టి పిడికిట్లో ఉండ కడుతుంది కానీ, అడుగున 30 సెంటీమీటర్ల లోతులో వేళ్లకు ఏమీ అందకపోవచ్చు. అందుకే ఈ ఏడు 15, 30 సెంటీమీటర్ల దగ్గర రెండు సెన్సర్లు పాతాం.

చిన్నాయన ఇప్పుడు పొద్దున్నే ఫోను చేసి "కింది లెక్క ఎంతుంది?" అని అడుగుతారు. పై లెక్క మాత్రం అడగరు.