ఎండుటాకులు, ఆది తాళం: సాక్సోఫోన్, గిటార్ పట్టిన మన పిల్లలకి

చెన్నైలో తెలుగు ఇంట్లో పెరిగే పిల్లలకి ఒక సంపద అడక్కుండానే దొరుకుతుంది. డిసెంబరు సీజన్‌లో ఏ సభకి వెళ్లినా త్యాగయ్య కృతి వినిపిస్తుంది, ఆ మాటలు వాళ్ల ఇంటి మాటలు. పక్క కుర్చీలోని తమిళ స్నేహితురాలు సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకుని బట్టీ పట్టాలి. మన పిల్ల వింటూనే పోల్చుకుంటుంది. పాడేవాళ్లు పదాన్ని తప్పుచోట విరిస్తే చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉలిక్కిపడుతుంది కూడా.

బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మధ్య తిరిగే ఆ పిల్ల ఒకరోజు గిటార్ తీసుకుని, తమ్ముడి సాక్సోఫోన్‌తో కలిసి జాజ్ స్టాండర్డ్ మొదలుపెడితే చాలా ఇళ్లలో గుబులు పుడుతుంది, మన సంగీతం వదిలేస్తారేమోనని. వదలరు. పదం ఎక్కడ విరగాలో తెలిసిన ఆ చెవినే ఇక్కడా వాడమని చెబితే చాలు. జాజ్ స్టాండర్డ్ అంటే ముందు ఒక పాట, జాజ్ వాళ్లందరూ మళ్లీ మళ్లీ వాయించే పాట. ఎక్కువభాగం మాటలున్న పాటలే. మాటలు తెలియకుండా వాయించడం, అర్థం తెలియకుండా కృతి పాడడం లాంటిదే.

మొదటి పాటగా 'ఆటమ్ లీవ్స్' మంచిది. బాణీ 1945లో జోసెఫ్ కోస్మా కట్టింది, ఫ్రెంచ్ మాటలు జాక్ ప్రెవేర్‌వి, ఇంగ్లీషు మాటలు జానీ మెర్సర్ రాశాడు. వాద్యాలు తీయకముందే పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి పాట పేరుని తెలుగులో చెప్పమనండి. నిఘంటువు చూసి 'శరత్తు ఆకులు' అంటారు. మన శరత్తు ఆశ్వయుజ కార్తీకాలు, వెన్నెల కాలం. అప్పుడు చెన్నైలో ఈశాన్య రుతుపవనం వాన కురుస్తుంది తప్ప ఆకు రాలదు. మనకి ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. మరి ఏ మాట పెట్టాలి? ఫ్రెంచ్ పేరుకి అర్థం 'చచ్చిన ఆకులు', అంటే మన ఎండుటాకులు. ఋతువు గొడవే లేదు. ఈ చర్చకి అరగంట పోయినా పోనివ్వండి. పాటలో ఉన్న దిగులు ఎక్కడిదో అప్పుడు తెలుస్తుంది.

ఇక స్వరాలు. ఇంట్లో మొదటి తగాదా ఇక్కడే. ఆల్టో సాక్సోఫోన్ కాగితం మీద 'ఈ' చూసి ఊదితే బయటికి వచ్చేది కింది 'జి'. పాట జి మైనర్‌లో ఉంటే అక్క కాగితం మీద జి మైనర్, తమ్ముడి కాగితం మీద 'ఈ' మైనర్ ఉంటాయి. ఒకే కాగితం ఇద్దరూ చూస్తే పాట చెడుతుంది, నువ్వు తప్పంటే నువ్వు తప్పంటారు. మన సరిగమ ఈ చిక్కు తీరుస్తుంది. బీ ఫ్లాట్‌ని షడ్జం అనుకుంటే పాట ఎత్తుగడ 'ద ని స – మ', తర్వాత 'ప ద ని – గ', ఆపైన 'మ ప ద – రి'. ఈ పేర్లు ఇద్దరికీ ఒకటే. ముందు నోటితో పాడి, తర్వాత ఎవరి వేళ్లు వాళ్లు వెతుక్కోవాలి.

తాళం వేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కాగితం మీద గీతల మధ్య ఉండే నాలుగు దెబ్బల బార్లు రెండు కలిస్తే ఒక ఆది తాళం ఆవర్తనం. పాట మొత్తం 32 బార్లు, అంటే 16 ఆవర్తనాలు. 'ద ని స' అనే మూడు స్వరాలు సమానికి (ఆవర్తనం మొదటి దెబ్బకి) ముందే పడతాయి, అతీత ఎత్తుగడ. 'మ' సమం మీద పడి అయిదో దెబ్బ దాకా నిలుస్తుంది. తర్వాతి మూడు స్వరాలు 6, 7, 8 దెబ్బల మీద, అంటే విసురు, దెబ్బ, విసురు. కాబట్టి ఊపిరి తీయాల్సింది అయిదో దెబ్బ చివర్లో. కాగితం మీద బారు గీత కనిపిస్తుంది గనుక పిల్లలు అక్కడ ఊపిరి తీస్తారు. మూడు స్వరాలు ఒకవైపు, అవి చేరాల్సిన నాలుగోది ఇంకోవైపు తెగి పడతాయి. పదం నడిమధ్యన విరిచినట్టే. అలా విరిగినప్పుడు ఆపి, మాటలతో పాడించండి. వాళ్లే దిద్దుకుంటారు.

జత స్వరాల్లో మొదటిది పొడుగ్గా, రెండోది పొట్టిగా పలికే జాజ్ స్వింగ్ నడకని తిశ్రంతో (దెబ్బకి మూడు భాగాలతో) చెప్పొచ్చు. 'తకిట'లో 'కి' పలక్కుండా 'త'ని సాగదీసి 'ట' అంటే దగ్గరగా వస్తుంది. వేగం పెరిగేకొద్దీ రెండూ సమానమవుతూ పోతాయని మాత్రం చెప్పాలి, లేకపోతే కుంటినడకలా మిగులుతుంది. ఊనిక 2, 4, 6, 8 దెబ్బల మీద: ఆది తాళంలో చిటికెన వేలు, మధ్య వేలు, రెండు విసుర్లు. కర్ణాటకం నేర్చిన చెయ్యి సమం మీద గట్టిగా పడడానికే అలవాటుపడి ఉంటుంది, అది మారడానికి వారాలు పడుతుంది. వేగం నిమిషానికి 120 దెబ్బలైతే, టిక్కుమంటూ వేగం చెప్పే మెట్రోనోమ్‌ని 60కి పెట్టి, ఆ టిక్కుని రెండో, నాలుగో దెబ్బగా వినమనండి. ఈ వేగంలో పాట ఒక చుట్టు 64 సెకన్లు. పాట ఒకసారి, సాక్సోఫోన్ మనోధర్మం (అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం) రెండు చుట్లు, గిటార్ ఒకటి, నాలుగేసి బార్లు పంచుకుంటూ ఒకటి, మళ్లీ పాట: ఆరు చుట్లు, ఆరున్నర నిమిషాల లోపు.

డ్రమ్స్, బేస్ లేని జంట ఇది. గిటార్ మీద భారం ఎక్కువ. ఆరు తీగలూ మీటే కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఇక్కడ పనికిరావు, సాక్సోఫోన్ గొంతు నొక్కేస్తాయి. మూడు తీగలు చాలు. సీ మైనర్ సెవెన్‌కి అయిదో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ ఒకటో ఫ్రెట్, మూడో తీగ మూడో ఫ్రెట్. ఎఫ్ సెవెన్‌కి బేస్ స్వరం ఆరో తీగ ఒకటో ఫ్రెట్‌కి మారుతుంది, నాలుగో తీగ మీది వేలు కదలదు, మూడో తీగ మీది వేలు ఒక్క ఫ్రెట్ దిగుతుంది. బీ ఫ్లాట్ మేజర్ సెవెన్‌కి బేస్ అయిదో తీగ ఒకటో ఫ్రెట్, మూడో తీగ వేలు ఉన్నచోటే, నాలుగో తీగ వేలు ఎత్తేస్తే చాలు. బేస్ పక్కన పెట్టి పైరెండు తీగల్ని సరిగమలో పాడితే: మ–స, మ–ని, గ–ని.

తర్వాత 'ఈ ఫ్లాట్' మేజర్ సెవెన్ మీదుగా పాట జి మైనర్ వైపు తిరుగుతుంది. ఏ హాఫ్ డిమినిష్డ్, డి సెవెన్, జి మైనర్. ఇప్పుడు జి ని షడ్జం చేసుకుని పాడండి. మళ్లీ మ–స, మ–ని! గ్రహభేదం (షడ్జం మారిస్తే అవే స్వరాలు వేరే రాగంగా వినిపించడం) తెలిసిన పిల్ల కళ్లు ఇక్కడ వెలుగుతాయి. తేడా ఆఖరి అడుగులో ఉంది. మొదటిసారి 'మ' ఒక్క ఫ్రెట్ దిగి అంతర గాంధారం చేరింది. ఈసారి రెండు ఫ్రెట్లు దిగి సాధారణ గాంధారం చేరుతుంది. పాటలోని వెలుగూ దిగులూ ఆ ఒక్క ఫ్రెట్‌లో ఉన్నాయి. డి సెవెన్ దగ్గర జి ని షడ్జంగా తీసుకుని కీరవాణి స్వరాల్లో మనోధర్మం చేయొచ్చు, దాని ముందు దాకా బీ ఫ్లాట్ శంకరాభరణం సరిపోతుంది. షడ్జం మారుతుందన్నది మరిచిపోయి ఒకే శ్రుతిలో పాట మొత్తం ఈదాలని చూస్తే డి సెవెన్ దగ్గర కచ్చితంగా మునిగిపోతారు. అయిదు కట్టై శ్రుతిలో పాడే అమ్మాయికి జి అంటే తన సొంత షడ్జమే, ఆమె త్వరగా పట్టుకుంటుంది.

గమకాల విషయంలో గట్టిగా ఉండాలి. కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) సాక్సోఫోన్ మీద గమకం పలికించి చూపారు, పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ చెన్నైలో అదే పని మాండలిన్‌తో చేశారు. ఆ రికార్డులు తాతగారితో కూర్చుని వినాల్సినవి. అయినా కార్డ్ మోగుతుండగా గాంధారాన్ని కంపితం చేస్తే (ఊపితే), గిటార్ ఫ్రెట్ మీద నిలిచి ఉన్న గాంధారంతో కొట్టుకుంటుంది. శ్రుతి తప్పిందనే వినిపిస్తుంది. గమకానికి చోటు పాటకి ముందు ఇవ్వండి. గిటార్ నాలుగో, మూడో తీగలు వేలు పెట్టకుండా మీటితే డి, జి, అంటే జి శ్రుతికి పంచమ షడ్జాలు. ఆ తంబురా మీద తమ్ముడు రెండు నిమిషాలు ఆలాపన చేసుకోవచ్చు. 'ద ని స' మొదలవ్వగానే గమకం ఆగాలి. రెండు సంగీతాలూ తమ తమ మర్యాదతో నిలబడితేనే అందం. అంతటా కలిపేస్తే రెండూ పలచబడతాయి.

మనోధర్మం నడుస్తున్నప్పుడు ఇద్దరూ నిండుగా వాయించడం పిల్లలు చేసే పెద్ద తప్పు. సాక్సోఫోన్ చివర ఒక బారు వదిలితే గిటార్ అక్కడ జవాబిస్తుంది. పాట వాయించేటప్పుడు సాక్సోఫోన్ నిలిచే దీర్ఘ స్వరాలు చాలాచోట్ల కార్డ్‌లోని మూడో స్వరమే, ఆ క్షణంలో గిటార్ దాన్ని వదిలేసినా లోటుండదు.

చెన్నై ఉక్కపోత సాక్సోఫోన్‌కి మంచిది కాదు. జి షార్ప్ మీట, కింది సీ షార్ప్ మీట ప్యాడ్‌లు అంటుకుంటాయి, మీట నొక్కినా ఆ స్వరం రాదు. పలచని కాగితం ప్యాడ్ కింద పెట్టి, మెల్లగా నొక్కి వదిలితే తడి పీలుస్తుంది. పౌడర్ చల్లకండి, అది పేరుకుంటుంది. తీపి తిన్నాక, కాఫీ తాగాక నోరు పుక్కిలించే ఊదాలి. వాయించాక లోపల గుడ్డ లాగి తుడవాలి. రీడ్‌లు (మౌత్‌పీస్‌కి బిగించే పలచని బద్దలు) 2 లేదా 2.5 నంబరువి మూడు నాలుగు ఉంచుకుని మార్చి మార్చి వాడితే ఎక్కువకాలం నిలుస్తాయి. ఏసీ గదిలో చల్లబడిన సాక్సోఫోన్ శ్రుతి దిగుతుంది, ఊదేకొద్దీ ఎక్కుతుంది. అయిదు నిమిషాలు ఊదాకే గిటార్‌తో శ్రుతి కలపాలి. ఎక్కువైతే మౌత్‌పీస్ కొంచెం బయటికి లాగాలి. అపార్ట్‌మెంట్‌లో శబ్దం తగ్గించడానికి సాక్సోఫోన్ వెడల్పాటి మూతిలో గుడ్డలు కుక్కడం దండగ, శబ్దం పక్క రంధ్రాల నుంచీ వస్తుంది. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి దానివైపు తిరిగి ఊదడం మేలు.

గాత్రం పొద్దున, జాజ్ సాయంత్రం. వెంటవెంటనే పెడితే షడ్జం చెవిలో తారుమారవుతుంది.

పాట కుదిరాక ఇంట్లోనే పెద్దల ముందు వాయించనివ్వండి. ముందుగా రెండు వాక్యాలు తెలుగులో చెప్పాలి: ఎవరిని తలుచుకుని పాడుతున్న పాట, ఆకులు ఎందుకు వచ్చాయి. అమ్మమ్మ ఏదో ఒకటి అడుగుతుంది, జవాబు చెప్పాకే మొదలుపెట్టాలి. చివరి జి మైనర్ దగ్గర తాళం వదిలేసి, గిటార్ తీగల మోత పూర్తిగా ఆగేదాకా సాక్సోఫోన్ ఆ గాంధారాన్ని సన్నగా నిలపాలి.