ధ్యానానికి ముందు బొంత మడత పెట్టండి

ధ్యానం మొదలుపెట్టి పది రోజులైనా కాకముందే మానేసినవాళ్ళను కదిపితే ఒకటే మాట: "మనసు నిలవట్లేదండీ." వాళ్ళు కూర్చునే తీరు చూస్తే అసలు కారణం కనబడుతుంది. గచ్చు మీద పలచటి చాప, దాని మీద బాసింపట్టు. మోకాళ్ళు రెండూ పైకి లేచి ఉంటాయి, నడుము గూనిలా వెనక్కి తిరిగి ఉంటుంది. అలా ఐదు నిమిషాలు కూర్చుంటే ఎవరి మనసైనా నడుము నొప్పి దగ్గరికే పోతుంది. కొత్తవాళ్ళు మొదటి మూడు రోజులూ మనసు ఊసెత్తకుండా కూర్చోవడం ఒక్కటే సరిచేసుకుంటే, తర్వాత వచ్చే ఇబ్బందులు చాలా తగ్గుతాయి.

మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళలో దీనికోసం కొనవలసింది ఏమీ లేదు. పాత చీరలు కలిపి కుట్టిన బొంత ఇంట్లో ఎక్కడో ఒక మూల ఉంటుంది. దాన్ని గట్టిగా మడిచి, మీద కూర్చున్నాక కూడా 4 నుంచి 6 అంగుళాల ఎత్తు మిగిలేలా చూసుకోండి. దూది దిండు పనికిరాదు. ముందు ఎత్తుగానే ఉండి, రెండు నిమిషాల్లో అణిగిపోతుంది. బొంత మధ్యలో కాకుండా ముందు అంచు మీద, పిరుదులు మాత్రమే ఆనేలా కూర్చోవాలి. అప్పుడు తొడలు ముందుకు వాలి మోకాళ్ళు చాపకు తగులుతాయి. తుంటి మోకాళ్ళ కంటే ఎత్తులో ఉంటే కటి కాస్త ముందుకు ఒరుగుతుంది, నడుముకు సహజంగా ఉండే లోపలి వంపు దానంతటదే నిలబడుతుంది. వీపు కండరాలు బిగబట్టి మొయ్యనక్కర్లేదు. సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే అరచెయ్యి నడుము వెనక పెట్టి చూడండి. లోపలికి గుంటగా తగిలితే సరే. బయటికి ఉబ్బెత్తుగా తగిలితే ఇంకో మడత వెయ్యండి. ఒక మోకాలు గాల్లోనే ఉండిపోతే దాని కిందికి తువ్వాలు చుట్టి దోపండి. రెండు తుంటికీళ్ళూ ఒకేలా వంగాలని ఏమీ లేదు.

పద్మాసనమే వెయ్యాలన్న పట్టుదల వద్దు. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనం గురించి చెప్పింది 'స్థిరసుఖమాసనమ్' అని. కదలకుండా ఉండాలి, హాయిగానూ ఉండాలి, అంతే. భగవద్గీత 6వ అధ్యాయం 11వ శ్లోకం మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని చోట దర్భలు, చర్మం, బట్ట పరుచుకోమంటుంది. తుంటి వంగనివాళ్ళు పాదాన్ని బలవంతంగా తొడ మీదికి లాక్కుంటే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మోకాల్లో సూది గుచ్చినట్టు నొప్పి వస్తే ఓర్చుకోకూడదు, వెంటనే కాలు తీసెయ్యాలి. తిమ్మిరి సంగతి వేరు. కాలి నరం మీద ఒత్తిడి పడటం వల్ల వచ్చే తిమ్మిరి కాలు చాపితే కొద్దిసేపట్లో పోతుంది. అది పూర్తిగా వదిలేదాకా మాత్రం లేవకండి, మొద్దుబారిన కాలితో లేస్తే పడిపోతారు. ఇవాళ కుడికాలు ముందుంటే రేపు ఎడమకాలు ముందు పెట్టండి.

మోకాళ్ళు అరిగినవాళ్ళు, కీళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు కుర్చీలో కూర్చుంటే సాధన ఏమీ తగ్గదు. ప్లాస్టిక్ కుర్చీతో ఒక చిక్కుంది. దాని పీట వెనక్కి వాలి ఉంటుంది, కూర్చుంటే నడుము వంగిపోతుంది. తువ్వాలు మడిచి పీట వెనక భాగంలో వేసుకుని, వీపు ఆనించకుండా కూర్చోండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. పొట్టివాళ్ళు కాళ్ళ కింద వంటింటి పీట పెట్టుకోవచ్చు.

వేళ గురించి. మన జిల్లాల్లో సూర్యుడు త్వరగా వచ్చేస్తాడు. మే నెలాఖరుకి 5.20 ప్రాంతంలోనే సూర్యోదయం, జనవరి మధ్యలో అయితే ఆరున్నర దగ్గర. ఎండాకాలంలో ఆరు దాటితే ఉక్కపోతతో చెమట కారుతుంది, కూర్చోవడం కష్టం. కాబట్టి అప్పుడు నాలుగున్నర, ఐదు మధ్య మేడ మీదో వీధి అరుగు మీదో కూర్చోవడం మేలు. చలికాలంలో తలకి గుడ్డ కట్టుకుని గదిలోనే కూర్చోండి. దోమలుంటే దోమతెరలోనే బొంత వేసుకోండి. ఫ్యాను గాలి నేరుగా మొహానికి తగిలితే కళ్ళూ ముక్కూ ఎండిపోతాయి, కొంచెం పక్కకి జరగండి. పొద్దున్న ఖాళీ లేని ఇల్లాళ్ళకి పిల్లలు బడికి వెళ్ళాక, మళ్ళీ వంట పని అందుకోకముందు దొరికే పావుగంట చక్కటి సమయం. అన్నం తిన్నాక రెండున్నర, మూడు గంటలు ఆగాలి. చోడి (రాగి) అంబలి తాగితే గంట చాలు. కడుపు నిండుగా కూర్చుంటే వచ్చేది నిద్రే.

ఇక అసలు పని. ఫోన్లో 5 నిమిషాలకు మెత్తటి గంట పెట్టి, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, బోర్లించి చెయ్యి అందనంత దూరంలో పెట్టండి. కూర్చుని ఒకసారి ఎడమకీ కుడికీ ఊగి నడిమధ్యకి రండి. భుజాలు చెవుల దాకా ఎత్తి వదిలెయ్యండి. గడ్డం కొంచెం లోపలికి. నాలుక కొన పైపళ్ళ వెనక అంగిలికి ఆనించి ఉంచితే గుటకలు వేసే అవసరం తగ్గుతుంది. చేతులు ఒళ్ళోనో తొడల మధ్యభాగం మీదో పెట్టుకోండి. మోకాళ్ళ దాకా చాచి పెడితే వాటి బరువుకి భుజాలు ముందుకు లాగి, కాసేపటికి మెడ కింద సలుపు మొదలవుతుంది. ఈ ఒక్క పొరపాటు చాలామంది చేస్తారు, ఫోటోల్లో అలా చూసి చూసి.

మొదట మూడు ఊపిర్లు మాత్రం కావాలని వదలండి. తీసుకున్నదాని కంటే వదిలేది నిదానంగా, పొడుగ్గా ఉండాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, ఒళ్ళు సర్దుకుంటుంది. ఆ తర్వాత ఊపిరి జోలికి వెళ్ళొద్దు. అది పొట్టిదైతే పొట్టిది, పొడుగైతే పొడుగు. ముక్కుపుటాల అంచున గాలి తగిలే చోటో, పొట్ట లేచి దిగే చోటో ఒకటి ఎంచుకుని ఎరుక అక్కడ ఉంచండి. ఆ పూటకి చోటు మార్చకండి. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన రోజున పొట్టే నయం. ఊపిరి బయటికి వెళ్ళిన ప్రతిసారీ మనసులో ఒక అంకె: ఒకటి, రెండు, అలా పది దాకా, మళ్ళీ ఒకటి నుంచి. లెక్క తప్పితే ఒకటి. పది దాటి పదిహేడులో తేలినా ఒకటి.

తప్పుతుంది. మూడో అంకెలోనే మనసు పిల్లాడి ఫీజు దగ్గరికో, నిన్న ఎవరో అన్న మాట దగ్గరికో పోతుంది. పోయిన సంగతి తెలిసిన క్షణం ఒకటి వస్తుందే, ఈ సాధనలో పట్టుకోవలసింది దాన్నే. తెలియగానే మనసులో 'ఆలోచన' అని ఒక్క మాట అనుకుని, తిట్టుకోకుండా ఒకటి అంకెకి రండి. ఐదు నిమిషాల్లో ముప్పైసార్లు పోయి ముప్పైసార్లు తెచ్చుకుంటే ముప్పైసార్లు సాధన చేసినట్టే. గీత 6వ అధ్యాయంలోనే 26వ శ్లోకం చెప్పేది ఇది: చంచలమైన మనసు ఎటెటు పోతే అటునుంచి వెనక్కి తీసుకురావాలని. అసలు పోకూడదని అక్కడ లేదు. ఆలోచనలు ఆగిపోవాలని ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళకి ఆ ఎదురుచూపే అన్నిటికంటే పెద్ద ఆలోచన అయిపోతుంది.

కొందరికి తల తిరుగుతుంది, పెదవులూ వేళ్ళ కొసలూ చిమచిమలాడతాయి. దాన్ని శక్తి ప్రవహించడం అనుకుంటారు. చాలావరకు అది ఎక్కువ ఊపిరి లాగడం వల్ల. గట్టిగా, గబగబా పీల్చి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి ఇలా జరుగుతుంది. ఊపిరిని దాని మానాన వదిలేస్తే సర్దుకుంటుంది. మూసిన కళ్ళ వెనక రంగులు, వెలుగులు కనబడటం కూడా మామూలే, వాటి వెంట పడొద్దు. నిన్న కనబడింది ఇవాళ కనబడలేదని బెంగ పెట్టుకుంటే సాధన అక్కడితో ఆగిపోతుంది.

నిద్ర వస్తుంటే కళ్ళు సగం తెరిచి, మూడు నాలుగు అడుగుల దూరంలో నేలని చూస్తూ కూర్చోండి. అయినా తల వాలిపోతుంటే లేచి నిలబడి చెయ్యండి. రోజూ ఇదే పరిస్థితైతే రాత్రి నిద్ర చాలట్లేదని అర్థం, ధ్యానం నిద్రకి బదులు కాదు. దురద పుడితే వెంటనే గోకకుండా నాలుగైదు ఊపిర్లు దాన్నే గమనించండి. చాలాసార్లు పెరిగి, తగ్గి, పోతుంది. పోకపోతే నిదానంగా చెయ్యి ఎత్తి గోక్కోండి, పాపమేమీ లేదు.

శబ్దాలు తప్పవు. కార్తీకంలో గుడి మైకు, వీధిలో కుక్కలు, ఆమదాలవలసలోనో విజయనగరంలోనో పట్టాల పక్క ఇల్లైతే గూడ్సు బండ్లు. బండి వస్తుంటే వినండి, వెళ్ళిపోయేదాకా వినండి, మళ్ళీ ఒకటి అంకె. ఆ మోత మీద మనం పడే విసుగే అసలు ఆటంకం. ఆ మోతని అణిచేద్దామని చెవిలో ధ్యాన సంగీతం పెట్టుకుంటే, రెండు వారాలకి ఆ పాట లేకపోతే కూర్చోలేని స్థితి వస్తుంది.

ఎంతసేపు అంటే, మొదటి వారం పొద్దున్న 5, సాయంత్రం 5 నిమిషాలు. రెండో వారం 7 లేదా 8. మూడు, నాలుగు వారాలు 10. అక్కడినుంచి వారానికి రెండేసి నిమిషాలు పెంచుతూ 20 దాకా వెళ్ళొచ్చు, ఉద్యోగస్తులకి ఆ 20 చాలు. మొదటి రోజే గంట కూర్చుని నాలుగో రోజు మానేసేవాళ్ళని చూసి చూసి చెప్తున్న మాట ఇది. గంట మోగకముందు లేవకూడదు, మోగాక సాగదీయకూడదు. పళ్ళు తోముకున్న వెంటనే అని ఏదో ఒక రోజువారీ పనికి ముడిపెడితే మరిచిపోరు. గోడ కేలండర్లో టిక్కు పెట్టండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెట్టింపు చెయ్యకుండా, మామూలుగా ఆ రోజుది మాత్రమే చెయ్యండి. అంకెలు తప్పకుండా వరసగా నాలుగైదు చుట్లు సాగుతున్నప్పుడు లెక్క వదిలేసి ఊపిరి ఒక్కటే చూడొచ్చు. మనసు చెదిరిన రోజున మళ్ళీ లెక్కకి రావడం వెనకబడటమేమీ కాదు.

ఈ పద్ధతికి పాళీలో, అంటే పాత బౌద్ధ గ్రంథాల భాషలో, పేరు ఆనాపానసతి, అంటే లోపలికి వచ్చే, బయటికి పోయే ఊపిరి మీద ఎరుక. బౌద్ధుల సాధన ఇది. వంశధార పక్కన శాలిహుండం కొండ మీద, రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధ ఆరామాల శిథిలాలు మనకి చేరువలోనే ఉన్నాయి. నడుస్తూ చేసే ధ్యానం కూడా ఆ సంప్రదాయంలో ఉంది, దాన్ని చంకమ అంటారు. కూర్చుంటే కుదురు లేనివాళ్ళు, పరీక్షలకి చదువుతూ రోజంతా కూర్చునే ఉండే పిల్లలు ముందు దీంతోనే మొదలుపెట్టడం మంచిది. మేడ మీద 10, 12 అడుగుల దారి చాలు. చెప్పులు విడిచి, మామూలు కంటే నిదానంగా నడుస్తూ, పాదం ఎత్తడం, ముందుకు జరపడం, ఆనించడం ఈ మూడూ గమనించండి. చివర ఆగి, ఒక ఊపిరి తీసుకుని, తిరగండి. కళింగపట్నం ఒడ్డున తడి ఇసక మీద నడిస్తే అరికాలి స్పర్శ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఎండెక్కకముందే వెళ్ళాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ధ్యానం చేస్తున్నామని బీపీ, షుగర్ మాత్రలు సొంతంగా ఆపకండి, తగ్గించకండి. గతంలో తీవ్రమైన మానసిక అనారోగ్యం వచ్చినవాళ్ళు, దానికి మందులు వాడుతున్నవాళ్ళు డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి. కళ్ళు మూసుకోగానే భయం, పాత చేదు జ్ఞాపకాలు ముంచుకొస్తే పట్టుబట్టి కూర్చోవద్దు. కళ్ళు తెరిచి, అరికాళ్ళు నేలకి నొక్కి, ఎదురుగా ఉన్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, తర్వాత నడవండి. ఏడుపు కాసేపు వచ్చి ఆగిపోతే ఫర్వాలేదు. దిగులు రోజంతా వదలకపోయినా, నిద్ర పట్టకపోయినా సాధన ఆపి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పది రోజుల విపశ్యన శిబిరాలకి వెళ్దామా అని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. విపశ్యన కూడా బౌద్ధుల ధ్యానమే. ఎస్.ఎన్. గోయెంకా అనే గురువు నేర్పిన పద్ధతిలో జరిగే ఆ శిబిరాల్లో తెల్లవారుజామున 4 గంటలకి లేపుతారు, రోజుకి పది గంటలకి పైగా ధ్యానం ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడకూడదు. రుసుము లేదు, పూర్తయ్యాక ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు. ఇంట్లో రెండు నెలలు వదలకుండా కూర్చుని, పూటకి 20 నిమిషాలు అలవాటయ్యాక వెళ్తే ఒళ్ళు సహకరిస్తుంది. బొంత ఎత్తు మీకు ఎంత సరిపోయిందో గుర్తుపెట్టుకుని వెళ్ళండి, అక్కడి దిండ్లతో అదే ఎత్తు వేసుకోవచ్చు. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగిన చోట వాడే మందులన్నీ, పాత జబ్బులతో సహా, దాచకుండా రాయండి.