2009–14 శాసనసభ్యుల జాబితా: తప్పులు ఎక్కడ దొర్లుతాయి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009–14 సభ్యుల పేర్లు రాయడానికి సార్వత్రిక ఎన్నికల ఫలితాలు మాత్రమే చూస్తే పప్పులో కాలేసినట్టే. 2010 జూలైలో 12, 2012 మార్చిలో 7, అదే ఏడాది జూన్‌లో 18 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. అందుకే ప్రతి పేరు పక్కన ‘నుంచి’, ‘వరకు’ అని రెండు గడులు పెట్టుకోండి. రాజీనామా చేసి మళ్లీ గెలిచినవాళ్లకు రెండు వరుసలు కావాలి. లేఖ ఇచ్చిన తేదీ కాదు, స్పీకర్ ఆమోదించిన తేదీయే లెక్క. చాలా జాబితాలు చెడేది ఇక్కడే.

మొత్తం 294 కాదు, ఆంగ్లో ఇండియన్ నామినేటెడ్ స్థానంతో 295. 2004 జాబితాతో పోలిస్తే నియోజకవర్గాల పునర్విభజన (హద్దులు మళ్లీ గీయడం) అడ్డొస్తుంది: హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్ పోయాయి, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి కొత్తగా వచ్చాయి.