బండికి చోటున్న ఊళ్లలో

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా వీధిలో సగానికి పైగా తెలుగు ఇళ్లే. వినాయక చవితికి పత్రి, ఉగాదికి వేపపువ్వు, ఏది కావాలన్నా ఎవరో ఒకరి గుమ్మంలో దొరికేది. అక్కడ ఉన్నన్నాళ్లూ మా పిల్లలిద్దరూ తెలుగు వినేవాళ్లే తప్ప మాట్లాడేవాళ్లు కాదు. ఆడుకునే పిల్లలంతా తెలుగు పిల్లలే, ఆటంతా ఇంగ్లిషులోనే. వారాంతం తెలుగు తరగతిలో గుణింతాలు దిద్ది, బయట అడుగు పెట్టగానే మళ్లీ ఇంగ్లిషు. ఇల్లు అద్దెకిచ్చి, మోటార్‌హోమ్ అనే చక్రాల మీది ఇల్లు ఎక్కి, మన మాట చెవిన పడని అరిజోనా ఎడారిలో మకాం వేశాక వాళ్ల నోట తెలుగు వచ్చింది. ఇందులో మా పెంపకం గొప్పేమీ లేదు. బండి పొడవు చేసిన పని అది.

బండి 38 అడుగులు, ఇంజను వెనక వైపు. దానికి తగిలించిన ట్రైలర్‌లో చిన్న కారు, సైకిళ్లు, గ్రైండరు, బియ్యం బస్తాలు. మొత్తం కలిపి 60 అడుగులు దాటుతుంది. టెక్సాస్‌లో ఇలాంటి జోడు బండికి హద్దు 65. అంత పెద్ద బండి వెనక మళ్లీ కారెందుకని చాలామంది అడుగుతారు. మోంటానాలోని గ్లేసియర్ జాతీయ పార్కులో ‘గోయింగ్ టు ద సన్’ రోడ్డు కొండెక్కే చోట 21 అడుగులు దాటిన బండిని పోనివ్వరు. అసలు చూడాల్సినవన్నీ ఇలాంటి రోడ్ల చివరే ఉంటాయి.

ముందుకు నడపడం ఎవరికైనా అలవాటవుతుంది. కష్టమంతా రివర్సులో. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ తోక ఎడమకు పోతుంది. మా ఆయన స్టీరింగు దగ్గర, నేను వెనక ఒక మూల, మా పెద్ద పిల్ల ఇంకో మూల, చిన్నాడు తలెత్తి కొమ్మల కాపలా. నలుగురి చేతుల్లో వాకీటాకీలు. వాటిలో ఉండేవి 22 చానళ్లు, ఊరందరికీ అవే. పక్క వరసలో ఇంకెవరో వాళ్ల బండికి ‘స్టాప్’ అని అరిస్తే మా ఆయన బ్రేకు తొక్కేవారు. అందుకని తెలుగులోకి మారాం. ఎడమ అంటే ఎవరి ఎడమ అన్న పేచీ రాకుండా ఎదురుగా కనిపించే వాటితో చెప్పుకుంటాం. “నాన్నా, స్తంభం వైపు రా. ఇంకా రా. మెల్లగా... ఆగు ఆగు, కొమ్మ!” ఈ మాటలు ఏ వాచకంలోనూ పాఠంగా రావు. తప్పు చెబితే ట్రైలర్ చెట్టుకి తగులుతుందన్న భయంతో వచ్చినవి. తర్వాత గొడవలు కూడా తెలుగులోనే పడటం మొదలుపెట్టారు. నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

వంటింట్లోనూ ఇదే వరస. పాత క్యాంప్‌గ్రౌండ్లలో చాలాచోట్ల 30 ఆంపుల ప్లగ్గే ఉంటుంది. 120 వోల్టులతో లెక్కేస్తే 3600 వాట్లు. ఏసీ దాదాపు 1500, ఇండక్షన్ పొయ్యి 1800. ఇక గ్రైండరు వేస్తే బ్రేకరు పడిపోతుంది. “ఏసీ కట్టెయ్యండి, పిండి రుబ్బుతున్నా” అని నేను అరవడం, “అమ్మా, పది నిమిషాలే” అని వాళ్లు బేరమాడటం మామూలు. యెల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగుల పైన ఉంది, అక్కడ నీళ్లు 93 డిగ్రీల లోపే మరుగుతాయి. కుక్కరు లేకపోతే కందిపప్పు సాయంత్రం దాకా పలుకే. పెద్దదానికి భౌతికశాస్త్రం పప్పు దగ్గరే మొదలైంది.

తీసుకెళ్లలేకపోయింది కరివేపాకు మొక్క. అది నిమ్మజాతి కుటుంబంలోదే. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులును మోసే చిన్న పురుగు దాని మీద కూడా బతుకుతుంది. అందుకని టెక్సాస్ నుంచి ఆ మొక్కను అనుమతి లేకుండా వేరే రాష్ట్రానికి తీసుకెళ్లకూడదు. కాలిఫోర్నియా సరిహద్దులో బండి ఆపి మొక్కలున్నాయా, పళ్లున్నాయా అని అడుగుతారు కూడా. ఎన్నో ఏళ్లు పెంచిన మొక్కను పక్కింటి వదినకు అప్పగించినప్పుడు పడ్డ బాధ ఇల్లు వదిలినప్పుడు పడలేదు.

చదువు సంగతేంటని ఇండియాలో వాళ్లందరూ అడుగుతారు. నిజానికి అదే తేలిక. ఇంట్లో చదివే పిల్లలకు టెక్సాస్‌లో ఇల్లే ప్రైవేటు బడి కింద లెక్క. 1994లో అక్కడి సుప్రీంకోర్టు ఆ మాట ఖాయం చేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం నేర్పాలి. ఆ చివరి పాఠం ఎలా చెప్పాలో మాకు మొదట తోచలేదు. కాలిఫోర్నియాలో 395 రోడ్డు పక్కన మంజానార్‌లో ఆగినప్పుడు అదే దొరికింది. జపానుతో యుద్ధం వచ్చాక 1942లో జపాను మూలాలున్న వాళ్లను ఇళ్లలోంచి లేపి తెచ్చి ఉంచిన శిబిరాల్లో అదొకటి. ఒక దశలో పదివేల మందికి పైగా ఉన్నారక్కడ. ఇలా తరలించిన వాళ్లలో మూడింట రెండొంతులు అమెరికా పౌరులే. మా పెద్దది అక్కడ పిల్లలకిచ్చే జూనియర్ రేంజర్ పుస్తకం నింపుతూ మధ్యలో ఆపేసి, “వీళ్లు ఇక్కడే పుట్టారు కదా? నాలాగే?” అంది. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చిందని వాళ్ల నాన్న చెప్పారు. “అన్నేళ్లకా?” అని మళ్లీ పెన్సిలు పట్టుకుంది. మేమేమీ కలపలేదు.

ఆరెగాన్‌లో అస్టోరియా దగ్గర వేరే కథ చెప్పుకున్నాం. అక్కడి రంపపు మిల్లుల్లో పనిచేసిన పంజాబీల మధ్య 1913లో బ్రిటిషు పాలన మీద తిరుగుబాటుకు గదర్ పార్టీ పుట్టింది. బర్క్‌లీలో చదువుకుంటూ అందులో చేరిన దరిశి చెంచయ్య మన ప్రకాశం జిల్లా వైపు మనిషి. చిన్నాడికి నమ్మకం కుదరలేదు. అప్పట్లో కూడా తెలుగువాళ్లు అమెరికాకు చదువుకే వచ్చేవాళ్లా అని అడిగాడు. వాళ్ల నాన్న నవ్వాపుకోలేకపోయారు.

ఫోన్లో మా అత్తయ్యగారు మొదటి నుంచీ ఒకటే మాట. “బంగారంలాంటి ఇల్లు పెట్టుకుని గంగిరెద్దులవాళ్లలా ఊళ్లు తిరగడమేంటమ్మాయ్?” కోపం రాలేదు కానీ ఆలోచన వచ్చింది. గంగిరెద్దులవాళ్ల పిల్లలు బడికి పోకపోతే వెనకబాటుతనం అంటాం, మా పిల్లలు పోకపోతే అనుభవం అంటాం. చేతిలో డబ్బు, పాస్‌పోర్టు ఉన్న సంచారానికే ఇంత మర్యాద. ఆ పాస్‌పోర్టు సంగతీ చెప్పాలి, ఎందుకంటే మా ఫొటోలు చూసి ‘మేమూ వచ్చేస్తాం’ అనే స్నేహితుల్లో సగం మంది హెచ్-1బీ మీద ఉన్నారు. ఆ వీసాలో ఉద్యోగం ఫలానా ఊరికి ముడిపడి ఉంటుంది. ఆ నగరం పరిధి దాటి వేరే చోట నుంచి పనిచేయాలంటే కంపెనీ మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఇంట్లో కూర్చుని చేసే పనే అయినా సరే, ఏ ఇల్లన్నది కాగితం మీద ఉండాల్సిందే. మేం పౌరసత్వం వచ్చేదాకా ఆగి బయల్దేరాం. ధైర్యం ఉంటే చాలని రాసేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

నష్టం లేదనను. మనవాళ్లున్న ఊళ్లలో ఈ బండికి చోటుండదు, బండికి చోటున్న ఊళ్లలో మనవాళ్లుండరు. న్యూజెర్సీలో ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల కాలనీలో మోటార్‌హోమ్ రాత్రి నిలపకూడదన్నారు. దూరంగా ఎక్కడో క్యాంప్‌గ్రౌండ్లో పెట్టి, కారు దింపుకుని చుట్టాల్లా వెళ్లి చుట్టాల్లా తిరిగొచ్చాం. ఆ రాత్రి అక్కడే పడుకోవాల్సిన పిల్లలు. బతుకమ్మ రోజుల్లో మేం మోంటానాలో ఉన్నాం. తంగేడు కాదు కదా బంతిపూలు కూడా దొరకని చోట నేనూ మా అమ్మాయీ ఇద్దరమే చప్పట్లు కొట్టుకుంటూ తిరగడం ఏం పండగ? చిన్నాడికి ఎక్కడైనా గంటలో దోస్తు దొరుకుతాడు. పెద్దది అలా కాదు. ఎవరితోనైనా మనసు కలిసేసరికి వాళ్ల బండో మా బండో కదులుతుంది. ప్రభుత్వ ఎడారి భూముల్లో చాలాచోట్ల ఒకేచోట 14 రోజులకు మించి ఉండనివ్వరు. పదమూడేళ్ల పిల్లకు స్నేహం కుదరడానికి అది చాలదు.

వచ్చే ఆగస్టుకి అది తొమ్మిదో తరగతి. ఫ్రిస్కో ఇల్లు ఖాళీ చేయమని అద్దెకున్నవాళ్లకు చెప్పేశాం. చిన్నాడు అలిగాడు. నాలుగో తరగతి పిల్లలకు జాతీయ పార్కులన్నీ ఉచితం కదా, ఆ పాసు ఉండగానే వెళ్లిపోవడమేంటని వాడి వాదన. పెద్దది మాత్రం తన గదికి తలుపు కావాలంది, గడియ లోపలి వైపు ఉండాలని కూడా. అత్తయ్యగారు ఫోన్లో విని, “పోనీలే, ఆ ఇంట్లో ఒక్కదానికైనా బుర్ర పనిచేస్తోంది” అన్నారు.