రబ్బరు లేని బండి

పుదుపేటకు మూడు వందలా? సెంట్రల్ స్టేషన్ బయట ఆటో అతను ఆ మాట అనగానే నాకు ఒళ్లు మండింది. ఆ దూరమెంతో చెన్నై వెళ్లి వచ్చేవాళ్లందరికీ తెలుసు. సంచీ భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను. మే నెల ఎండ, కూవం మీది నుంచి వచ్చే గాలి కలిసి ఎగ్మూరు చేరేలోపే నా ఉత్సాహాన్ని సగం చేశాయి. మిగతా సగం రెండు ఇడ్లీలకు ఎనభై రూపాయలు పుచ్చుకున్న హోటల్లో పోయింది. చట్నీ మాత్రం బాగుంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

ఈ ప్రయాణానికి కారణం ఒక మోటారు సైకిలు. మా మిత్రులు కొందరు విజయవాడ దగ్గర చిన్న వాహనాల మ్యూజియం పెడుతున్నారు. సైన్యం వాడి వదిలేసిన జీపులు, మోటారు సైకిళ్లు అందులో ముఖ్యం. వాటిలో రెండింటిని చెన్నైలో ఒక తెలుగు మేస్త్రి బాగుచేస్తున్నారు. బండి పక్కన పెట్టే పలకల మీద వివరాలు రాసే పని నాది. బండిని విప్పి ఉన్నప్పుడు చూడకుండా ఒక్క వాక్యం కూడా రాయనని నేను పట్టుబట్టాను.

మేస్త్రిగారు వంతెన దగ్గర నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, చేతిలో గుడ్డ సంచీ. "నడిచి వచ్చారా బాబూ? ఫోను చేస్తే కుర్రవాణ్ని పంపేవాణ్ని కదా" అన్నారు. వాళ్ల తాతగారు గూడూరు వైపు నుంచి పెరంబూరు బిన్నీ మిల్లులో పనికి వచ్చారట. సైన్యానికి ఖాకీ నేసి ఇచ్చిన మిల్లు అది. "మా తాత నేసిన గుడ్డ వేసుకున్న సిపాయి ఈ బండి నడిపి ఉండవచ్చు" అని ఎంతో గర్వంగా చెప్పారు.

మా విజయవాడ ఆటోనగర్ చూసిన కళ్లకు కూడా పుదుపేట కొత్తగానే ఉంటుంది. ఆటోనగర్‌లో బండి బతకడానికి వస్తుంది. లారీకి కొత్త బాడీ కడతారు, ఇంజను దించి మళ్లీ ఎక్కిస్తారు. పుదుపేటకు చాలా బండ్లు విడిపోవడానికే వస్తాయి. ఒక కొట్టు ముందు తలుపులే, ఇంకో కొట్టు ముందు గేరుబాక్సులే, మరో సందులో గోడెత్తున సైలెన్సర్లు. అంత ఇనుములో మాకు కావలసినవి ఓ గుప్పెడు బోల్టులు.

ఆ గుప్పెడు దొరకడానికే పూట గడిచింది. బండి పేరు బీఎస్ఏ ఎం20, బీఎస్ఏ అనే ఇంగ్లీషు కంపెనీ బండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కోసం 1,26,000కు పైగా తయారైన 496 సీసీ బండి. దాని మరలు ఇప్పటి మిల్లీమీటరు కొలతలవి కావు, పాత ఇంగ్లీషు సైకిలు మరలు, అంగుళానికి 26 చుట్లు. ఒక కొట్టులో కుర్రవాడు బోల్టులు చూపించి ఒరిజినల్ అంటూ ఒక్కోదానికి రెండు వందలు అడిగాడు. మేస్త్రిగారు మాట్లాడకుండా సంచీలోంచి పాత నట్టు తీసి ఆ బోల్టుకు తొడిగారు. రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. స్పానరుతో బిగిస్తానని కుర్రవాడు ముందుకు వచ్చాడు.

"వద్దు నాయనా. బిగిస్తే ఎక్కుతుంది, కానీ లోపలి మర పోతుంది. ఈ నట్టు ఎనభై ఏళ్ల నుంచి ఉంది, మన చేతిలో పోకూడదు" అన్నారాయన. ఇద్దరి మధ్యా సగం తమిళం, సగం తెలుగు నడిచింది. ఆ తర్వాత ఎన్నో కొట్లలో అదే నట్టు బయటికి వచ్చింది. చివరికి ఒక ముసలాయన కొబ్బరినూనె డబ్బాలోంచి ఏరి ఇచ్చిన బోల్టు మీద అది వేలితో తిప్పితేనే సాఫీగా చివరిదాకా దిగింది. ఆయన అడిగింది ఒక్కోదానికి ముప్పై రూపాయలు. నాకు ఆ కుర్రవాడి మీద కోపం మళ్లీ వచ్చింది.

బండ్లు బాగుచేస్తున్న అంబత్తూరు షెడ్డుకు బస్సులో వెళ్లాం. దాని గురించి చెప్పడానికేమీ లేదు, నిలబడే వెళ్లాం.

షెడ్డులో ముందు కనిపించింది జీపు. 1940ల నాటి ఫోర్డ్ జీపీడబ్ల్యు. యుద్ధం ముగిశాక ఇలాంటివి డిస్పోజల్సులో, అంటే సైన్యం మిగులు సామాను అమ్మకాల్లో, అమ్ముడై మన జమీందార్ల ఇళ్లకు, కాంట్రాక్టర్లకు చేరాయి. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక చాలామంది వాటిలో డీజిల్ ఇంజన్లు బిగించారు. దీని అదృష్టం, అసలు ఇంజను మిగిలింది. ఫోర్డ్ కంపెనీ తన భాగాల మీద, బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం అచ్చు వేసేది. కుర్రవాళ్లు ఆ అక్షరం ఉన్న బోల్టులన్నీ వేరే డబ్బాలో వేసి కిరసనాయిలులో నానబెట్టారు. హెడ్‌లైటు వెనక రెక్కల నట్టు వదులు చేస్తే లైటు వెనక్కి తిరిగి ఇంజను మీద వెలుగు పడుతుంది. చీకట్లో మరమ్మతు చేయవలసిన సిపాయి గురించి ఎవరో కూర్చుని ఆలోచించారన్నమాట. దాన్ని తిప్పుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

కానీ నేను వచ్చింది ఎం20 కోసం. ట్యాంకు బల్ల మీద ఉంది. పైన ఎర్ర రంగు, దాని కింద నలుపు, దాని కింద పుట్టీ. ఇసుక యంత్రంతో కొడితే గంటలో తెల్లటి ఇనుము తేలుతుంది. మేస్త్రిగారు అలా కొట్టనివ్వలేదు. ఎమరీ కాగితం నీళ్లలో తడిపి, అరచేయి అంత జాగా చొప్పున రుద్దిస్తున్నారు. అడుగున ఒక మట్టి గోధుమ రంగు పొర బయటపడింది, దాని మీద తెల్లని సి అక్షరం, పక్కన కొన్ని అంకెలు. సైన్యం ఆ బండికి ఇచ్చిన సంఖ్య అది. ఇసుక కొట్టి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

మిలిటరీ బండి అంటే ఆలివ్ పచ్చే అనుకుంటాం. యుద్ధం మధ్యలో ఆకుపచ్చ రంగుకు కావలసిన క్రోమియం ఆక్సైడ్ కొరతై బ్రిటిష్ సైన్యం గోధుమ రంగుకు మారింది. ఆలివ్ పచ్చ వచ్చింది 1944లో. ట్యాంకు మీది ఆ పొర మా బండి పుట్టిన కాలాన్ని చెప్తోంది.

ఆ తర్వాత ఆయన హ్యాండిల్ బారు నా చేతికిచ్చారు. గ్రిప్పులు రబ్బరువి కావు. మందపాటి కాన్వాసు గుడ్డ, ఎడ్లబండి నొగకు చుట్టిన గోనెలాగా బిగించి ఉంది, అంచులు చీకిపోయాయి. కాలు పెట్టే ఫుట్‌రెస్టుల మీద కూడా రబ్బరు లేదు, ఉత్త ఇనుము. ఎవరో పీకేశారేమో అన్నాను.

"పీకలేదు బాబూ, అసలు వేయలేదు. రబ్బరు లేక."

అప్పుడు వెలిగింది. 1942 ఫిబ్రవరి నాటికి మలయా, సింగపూరు జపాను చేతికి పోయాయి. ప్రపంచానికి రబ్బరు ఇచ్చే తోటల్లో ఎక్కువ భాగం ఆ వైపే ఉండేవి. దొరికిన రబ్బరు టైర్లకు కావాలి కాబట్టి గ్రిప్పులకు గుడ్డ చుట్టారు, ఫుట్‌రెస్టులను ఉత్తవే వదిలేశారు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. మా అమ్మమ్మ కాకినాడ పిల్ల. ఆ రోజు బియ్యం మూట, చంటిపిల్లతో పొలాలకు అడ్డంపడి పల్లెకు నడిచిన సంగతి ఆమె చెప్తుంటే ఎన్నోసార్లు విన్నాను. మద్రాసు జనం కూడా ఆ నెలలోనే ఊళ్లు పట్టారు. బర్మింగ్‌హామ్‌లో తయారైన బండికి రబ్బరు లేకుండా చేసిన యుద్ధమే మా అమ్మమ్మను ఇల్లు వదిలించింది. ఆ చిరిగిన గుడ్డను పట్టుకున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

అందుకే సాయంత్రం మిత్రుడు ఫోను చేసి, కొత్త రబ్బరు గ్రిప్పులు వేయించు, రిమ్ములకు, సైలెన్సర్‌కు క్రోమ్ పూత పెట్టించు, జనం పక్కన నిలబడి ఫోటోలు దిగాలి అన్నప్పుడు ఊరుకోలేకపోయాను. ఈ బండి యుద్ధంలో మెరవలేదు, మెరిస్తే శత్రువుకు కనబడుతుంది. క్రోమియం లేక రంగే మార్చుకున్న సైన్యం బండికి క్రోమ్ పూస్తే అది అబద్ధమవుతుంది. విశాఖలో కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లినవాళ్లు ఆ ఇరుకు పడకల్నే గుర్తుంచుకుంటారు. వాటిని వెడల్పు చేసి పరుపులు వేస్తే ఎవరు మెచ్చుకుంటారు? ఇవన్నీ గట్టిగానే చెప్పాను. అతను కూడా గట్టిగానే మాట్లాడాడు. డబ్బు పెట్టేది అతను, ఆ సంగతి నేను మరచిపోలేదు. అయినా వెనక్కి తగ్గలేదు.

మేస్త్రిగారు ఫోను అడిగి తీసుకున్నారు. "అయ్యా, మీరు చెప్పినట్టే చేస్తాను. కానీ పాత గుడ్డ తీసేసిన రోజున ఈ బండి మీద నా పని అయిపోయినట్టే. రంగు వేసేవాణ్ని వేరే చూసుకోండి" అని నెమ్మదిగా అన్నారు. అటువైపు కాసేపు మాట లేదు.

గుడ్డ అలాగే ఉంటుంది. అంచులు మరీ చీకిపోయిన చోట పాత డేరా కాన్వాసు ముక్క పెట్టి, మైనం పట్టించిన దారంతో కుట్టిస్తారు. ఆ అతుకు అతుకుగానే కనబడాలని, దాన్ని మసి పూసి పాతదిగా చూపించకూడదని మేస్త్రిగారి షరతు. ట్యాంకు మీద ఆ అంకెలున్న జాగాను మాత్రం ముట్టరు, మిగతాది గోధుమ రంగే. ఇంజను ఏడాదికి కొన్నిసార్లు తిప్పుతారు, తిప్పిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేస్తారు. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు నిలవ ఉంటే పాత బండ్ల రబ్బరు వాషర్లను, కార్కులను తినేస్తుంది.

సైలెన్సర్ క్రోమ్ సంగతి ఇంకా తేలలేదు. ఈలోగా పలక మీది మాటలు రాసి పంపాను. అందులో అశ్వశక్తి, వేగం చివరి వరుసలోకి వెళ్లాయి. మొదటి వరుసలో మలయా రబ్బరు, రెండో వరుసలో కాకినాడ ఉన్నాయి.