తొలి కాన్పు: పరకాల నుంచి హనుమకొండ దాకా

దొంగనొప్పులొచ్చి ఒకసారి హనుమకొండ దాకా పోయి ఒట్టి కడుపునొప్పి మాత్రతో తిరిగొచ్చాం. అందుకే వారం తర్వాత రాత్రి నడుములో మళ్లీ పట్టేసినప్పుడు, పరకాలలో మా అమ్మ నన్ను గడియారం ముందు కూచోబెట్టింది. దొంగనొప్పులైతే కాసేపు నడిస్తేనో పడుకుంటేనో సద్దుమణుగుతాయి. ఇవి తగ్గలేదు. ముందు 20 నిమిషాలకొకటి, తెల్లారేసరికి 5 నిమిషాలకొకటి. జిగురులో నెత్తుటి చార కనిపించగానే బాపు కారు పిలిపించాడు.

ఆస్పత్రిలో చూసి "3 సెంటీమీటర్లే" అన్నారు. గర్భసంచి నోరు 10 దాకా తెరుచుకోవాలి. తొలి కాన్పులో దీనికి 12 గంటలు దాటడం మామూలేనట. మధ్యాహ్నానికి 5. ఈలోగా అత్తమ్మ ఫోన్: "సాయంత్రం నక్షత్రం మంచిగ లేదంట. ఆపరేషన్ చేయించుకుంటే పోదా?" మా దిక్కు ముహూర్తం చూసి కోయించుకోవడం కొత్తేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు ఆపరేషన్లే. నిజం చెప్పాలంటే, ఆ నొప్పిలో నేనూ సరే అనబోయాను. నర్సమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించి, "నిమిషానికి 140, మంచిగుంది. ఎందుకు కోసుడు? లేచి నడువు బిడ్డా" అంది.

నడిచాను. నొప్పి వచ్చినప్పుడల్లా కిటికీ ఊచలు పట్టుకుని నోటితో ఊదాను. 7 సెంటీమీటర్ల దగ్గర ఉమ్మనీరు పోయింది. పచ్చగా లేదు, అంటే బిడ్డ లోపల మలం పోయలేదని నర్సమ్మ తేలికపడింది. ఆ తర్వాతి గంటన్నర వణుకు, వాంతులు. అన్నిటికన్నా కష్టం అదే.

10 సెంటీమీటర్లు అయ్యాక నొప్పి తీరే మారింది. దొడ్డికి వచ్చినట్టు, ఆపుకోలేనట్టు ముక్కాలనిపిస్తుంది. "గొంతుతో అరవకు, కిందికి ముక్కు" అన్నారు. తల బయటపడేటప్పుడు మాత్రం ముక్కొద్దు, ఊదమన్నారు. ఒక్కసారిగా వస్తే చిరుగుతుందట. అయినా రెండు కుట్లు పడ్డాయి. 50 నిమిషాలకు పాప.

అయిపోయిందనుకున్నా. మాయ పడాలన్న సంగతి నాకెవ్వరూ చెప్పలేదు! తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు, కాసేపటికి మాయ వచ్చింది. ముక్క లోపల ఉండిపోతే రక్తం ఆగదని నర్సమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. పాప నా గుండెల మీద పాలకు వెతుక్కుంటోంది.

నక్షత్రం ఏదో అత్తమ్మ ఫోన్‌లో చెప్పిందట, నేను వినలేదు.